గుండ్రటి గది, పైన గుమ్మటం: బీటలకు నడినెత్తిన ఉన్న రంధ్రమే కారణమా?

పుస్తకాల_గది (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పిల్లలు కూర్చుని చదువుకోవడానికి ఒక చిన్న గది కట్టించాం. పూర్తయి పద్నాలుగు నెలలైంది. గది పూర్తిగా గుండ్రం, లోపలి వ్యాసం 8 మీటర్లు. గోడ 2.1 మీటర్ల వరకు నిటారుగా లేస్తుంది. అక్కడి నుంచి సరిగ్గా అర్ధగోళంలా ఇటుక గుమ్మటం. నడినెత్తిన 60 సెంటీమీటర్ల గుండ్రటి రంధ్రం, దానిపైన అద్దం.

గుండ్రటి గదే కావాలని పట్టుబట్టింది నేనే. మూలలుంటే బెరుకున్న పిల్ల వెళ్లి మూలన కూర్చుంటుంది, ఇక మాట్లాడదు. ఈ గదిలో ఎవరు ఎక్కడ కూర్చున్నా అందరి ముఖాలూ కనిపిస్తాయి. పైనుంచి పడే వెలుగు పొద్దున ఒక గోడ మీద, సాయంత్రం ఎదుటి గోడ మీద ఉంటుంది. పిల్లలు ఆ వెలుగు ముక్కతో పాటు జరిగి కూర్చుంటారు. ఆ గదంటే నాకు ప్రాణం. అందుకే ఇంత టెన్షన్.

సమస్యలు రెండు.

మొదటిది బీటలు. గోడ, గుమ్మటం కలిసే చోట మొదలై నిలువుగా పైకి పోతున్నాయి. మొత్తం ఐదు. వాటిలో రెండు సరిగ్గా కిటికీల నెత్తి మీదుగా వెళ్తున్నాయి. కింద గోరు అంచు దూరేంత వెడల్పుంది, పైకి పోయేకొద్దీ వెంట్రుకంత సన్నబడి మాయమవుతున్నాయి. నిచ్చెనెక్కి వంపు వెంబడి టేపు పెట్టి కొలిచాను. ఐదూ రెండున్నర మీటర్లు దాటాక, కాస్త అటూ ఇటూగా, ఒకే ఎత్తులో ఆగిపోయాయి. రంధ్రం దాకా ఒక్కటీ వెళ్లలేదు.

చూసినవాళ్లంతా తప్పు ఆ రంధ్రానిదే అంటున్నారు. "కమానుకి నడిమి రాయి తీసేస్తే నిలుస్తుందా? ఇదీ అంతే" అని. కట్టినాయన కూడా రంధ్రం కాంక్రీటుతో మూసేద్దాం అంటున్నాడు. గుమ్మటం కింద చుట్టూ రింగ్ బీమ్ (వలయంలా తిరిగే కాంక్రీటు దూలం) వెయ్యాలా అని కట్టేటప్పుడే అడిగాను. గుండ్రటి గోడకి అదేం అక్కర్లేదన్నాడు.

రెండోది శబ్దం. గది మధ్యలో నిలబడి కథ చదివితే నా గొంతు నా తల మీద నుంచే ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. రెండు వాక్యాలయ్యేసరికి ఎక్కడ చదువుతున్నానో తప్పిపోతాను. గోడవార కూర్చున్న పిల్ల గుసగుసగా అన్న మాట మాత్రం అవతలి గోడ దగ్గరున్న పిల్లకి స్పష్టంగా చేరుతుంది!

రంధ్రం మూసేయాలా? గది వాడుకోవచ్చా? ఈ శబ్దానికి దారేమిటి?

---

పాత_కట్టడాలు

రంధ్రం మూయకండి. ఆ పని ఆగాలని ఈ ఒక్క మాట ముందే రాస్తున్నాను, మిగతాది తీరిగ్గా చదవండి.

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. ఇరవై రెండేళ్లుగా నా పనంతా పాత గుమ్మటాలు, కమానుల మరమ్మతే. మీ గది చూడకుండా తీర్పు చెప్పలేను. కానీ మీరు టేపు పెట్టి కొలిచిన ఆ ఒక్క అంకె చాలా చెబుతోంది.

కమానుకీ గుమ్మటానికీ తేడా ఉంది. కమాను రెండు వైపుల నుంచి వచ్చి నడిమి రాయి దగ్గర కలుస్తుంది. ఆ రాయి తీస్తే రెండు సగాలకూ ఆనుకోవడానికి ఏమీ ఉండదు, కూలిపోతుంది. గుమ్మటం ఒక దాని మీద ఒకటి పేర్చిన వలయాలు. ఒక వరస ఇటుకలు చుట్టూ తిరిగి మూసుకున్నాయంటే, ప్రతి ఇటుకా లోపలికి పడబోతూ పక్క ఇటుకని నొక్కుతుంది, పక్కది దాని పక్కదాన్ని. ఎవరికీ పడే సందు దొరకదు. పైన రంధ్రం ఉంటే దాని అంచున ఉన్న వలయమే ఆ నొక్కుడంతా మోస్తుంది. కాబట్టి పైభాగంలో రంధ్రం బలహీనత కాదు. అసలు అక్కడ బరువు తగ్గడం గుమ్మటానికి మేలే. మీవాళ్లు పోస్తామంటున్న కాంక్రీటు ఆ మేలుని తీసేసి, పైన కొత్త బరువు పెడుతుంది. ఆ బరువు దిగేది సరిగ్గా ఇప్పుడు విచ్చుకుంటున్న చోటికే.

రోమ్‌లోని పాంథియాన్ అనే పాత గుడిని తలచుకోండి. హేడ్రియన్ చక్రవర్తి కాలం నాటిది, దాదాపు 1,900 ఏళ్ల కట్టడం. లోపలి వ్యాసం 43.3 మీటర్లు, నేల నుంచి రంధ్రం దాకా ఎత్తూ అంతే. అంటే ఒక పూర్తి గోళాన్ని ఆ గదిలో కూర్చోబెట్టొచ్చు, అడుగున నేలని తాకుతుంది. నడినెత్తిన రంధ్రం 8 మీటర్ల పైమాటే, అద్దం కూడా లేదు. వాన పడితే లోపలే పడుతుంది, నేలని కాస్త వాలుగా చేసి నీళ్లు పోవడానికి చిన్న చిన్న కంతలు పెట్టారు. ఇనప కమ్మి లేని కాంక్రీటు గుమ్మటాల్లో ప్రపంచంలో ఇప్పటికీ అదే పెద్దది. నేను మొదటిసారి లోపలికి వెళ్లినప్పుడు ఆ వెలుగు వలయం గోడ మీద జరగడం చూస్తూ గంటన్నర నిలబడిపోయాను. మీ పిల్లలు వెలుగుతో పాటు జరుగుతారని రాశారు చూడండి, అది చదవగానే నాకు గుర్తొచ్చింది అదే.

ఇక బీటల సంగతి. ఒక రబ్బరు బంతిని సగానికి కోసి, బల్ల మీద బోర్లించి, అరచేత్తో మెల్లగా నొక్కండి. పైభాగం కుంచించుకుంటుంది, అంచు చుట్టూ వెడల్పవుతుంది. గుమ్మటం తన సొంత బరువుతోనే ఆ పని చేస్తుంది. పై వలయాలన్నీ నొక్కుడులో ఉంటాయి, కింది వలయాలు సాగదీతలో. ఇటుకకీ సున్నానికీ సిమెంటుకీ నొక్కుడు ఎంతైనా పరవాలేదు, సాగదీత మాత్రం అసలు పడదు. సాగదీస్తే నిలువుగా చీలుతాయి.

నొక్కుడు ఎక్కడ ఆగి సాగదీత ఎక్కడ మొదలవుతుందో లెక్క ఉంది. అర్ధగోళపు గుమ్మటంలో నడినెత్తి నుంచి దాదాపు 52 డిగ్రీలు కిందికి వస్తే ఆ గీత తగులుతుంది. మీ గుమ్మటం వ్యాసార్ధం 4 మీటర్లు. అంటే గోడ అంచు నుంచి వంపు వెంబడి ఆ గీత దాకా దాదాపు 2.65 మీటర్లు. మీ బీటలన్నీ రెండున్నర దాటాక ఒకే ఎత్తులో ఆగాయన్నారు! పాఠ్యపుస్తకంలో బొమ్మ వేసినట్టు ఉంది. రంధ్రమే కారణమైతే బీటలు పైన మొదలై కిందికి రావాలి. మీవి కింద మొదలై పైన ఆగాయి. గుమ్మటం కింద నుంచే విచ్చుకుంటుంది.

పాంథియాన్‌లోనూ ఇలాంటి నిలువు బీటలున్నాయి. ఆ కట్టినవాళ్లు ఏం చేశారంటే, అడుగున గుమ్మటాన్ని 6.4 మీటర్ల మందం చేసి పైన రంధ్రం దగ్గరికి వచ్చేసరికి 1.2 మీటర్లకి తగ్గించారు. కాంక్రీటులో కలిపే రాయిని కూడా మార్చుకుంటూ పోయారు. కింద బరువు రాళ్లు, పైన నీళ్లలో తేలేంత తేలికైన అగ్నిపర్వతపు రాయి. బీటలు వారాక ఆ గుమ్మటం ఒక వలయంగా కాకుండా, పక్కపక్కనే నిలబడ్డ కమానుల గుంపులా బరువు మోస్తోంది. కమాను కాళ్లు బయటికి తంతాయి కదా, ఆ తన్నుడుని 6 మీటర్ల మందం గోడ ఆపుతోంది. మీ గోడ మందం ఎంత? మీరు రాయలేదు. ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైన అంకె అదే.

రోమ్‌లోనే సెయింట్ పీటర్స్ చర్చి గుమ్మటానికీ బీటలు వచ్చాయి. 1740లలో అవి భయపెట్టే స్థాయికి చేరితే జొవాన్ని పొలేని అనే పండితుణ్ని పిలిచారు. ఆయన ఒక దారానికి గుమ్మటం ముక్కల బరువులకి తగ్గట్టు చిన్న గుండ్లు కట్టి వేలాడదీశాడు. వేలాడే గొలుసుని తలకిందులు చేస్తే వచ్చే ఆకారంలో కమాను నిలుస్తుందని అంతకు ముందే ఇంగ్లండులో రాబర్ట్ హుక్ అనే శాస్త్రవేత్త చెప్పి ఉన్నాడు. ఆ తలకిందుల గీత గుమ్మటం మందం లోపలే పడుతోందని పొలేని చూపించాడు, అంటే బీటలున్నా వెంటనే కూలదు. అయినా చుట్టూ ఇనప పట్టాలు బిగించమన్నాడు, బిగించారు. గుమ్మటం ఇప్పటికీ ఉంది.

మీకూ కావాల్సింది అదే. బండి చక్రానికి ఇనప పట్టా ఎక్కిస్తారు చూడండి, అలా గోడా గుమ్మటం కలిసే చోట బయటివైపు చుట్టూ ఉక్కు పట్టా, టర్న్‌బకిల్‌తో (తిప్పితే బిగిసే మరతో) బిగించేది. మీరు అడిగిన రింగ్ బీమ్ చేసే పని ఇదే. మీ ప్రశ్న సరైనదే అండి, అక్కర్లేదన్న జవాబే తప్పు.

అంతవరకు: బీటల్లో పుట్టీ నింపకండి, రంగు వేయకండి. ప్రతి బీట మీదా కింద ఒకచోట, మధ్యలో ఒకచోట అరచేయంత జిప్సమ్ ముద్ద పెట్టి, ఆరాక దాని మీద తేదీ రాయండి. బీట కదులుతుంటే ఆ ముద్ద చీలుతుంది, కదలకపోతే అలాగే ఉంటుంది. ఎవరైనా ఇంజనీరు స్వయంగా వచ్చి చూసేదాకా పిల్లల్ని లోపల కూర్చోబెట్టకండి. కష్టంగా ఉంటుందని తెలుసు.

---

మూడోతరం_తాపీ

అక్కా, పై సార్ చెప్పింది నిజం. మా తాత, నాన్న, నేను ముగ్గురం గుమ్మటాలు కట్టినవాళ్లమే. ఒక్క మాట అడుగుతా. కట్టేటప్పుడు లోపల చెక్క సెంట్రింగ్ పెట్టారా, లేక మధ్యలో మేకు పాతి తాడుతో కట్టారా?

తాడుతో అయితే ప్రతి ఇటుకా ఆ తాడు కొసకి తగలాలి, అప్పుడే వంపు కుదురుతుంది. వరస మూసుకునేదాకానే భయం. మూసుకున్నాక దాని మీద నిలబడి పై వరస కట్టుకోవచ్చు, సెంట్రింగ్ అక్కర్లేదు. రంధ్రం ఉంటే పడిపోతుందనేవాళ్లు గుమ్మటం కట్టడం ఎప్పుడూ చూడలేదన్నమాట. కట్టేటప్పుడు ప్రతి పూటా గుమ్మటానికి పైన రంధ్రం ఉన్నట్టే కదా. చివరి రోజు దాకా ఉంటుంది. మరి పడలేదుగా.

కిటికీల పైన రెండు బీటలన్నావు. కిటికీ అంటే గుమ్మటం కింద గోడ వలయం అక్కడ తెగినట్టు. అక్కడ బీట ముందు వస్తుంది. తాపీ కర్రపిడితో బీటకి రెండు పక్కలా తట్టి చూడు. గట్టి చప్పుడొస్తే సరే. డొల్ల చప్పుడొస్తే ప్లాస్టరింగ్ ఊడి ఉంది, అది ఊడి పిల్లల మీద పడొచ్చు. ముందు అది చూడు.

---

ధ్వని_లెక్కలు

నా పని హాళ్లలో శబ్దం సరిచేయడం. రెండో ప్రశ్నకి నేను చెబుతాను.

మీ గుమ్మటం అర్ధగోళం, గోడ 2.1 మీటర్లు. కాబట్టి ఆ గోళం కేంద్రం నేలకి 2.1 మీటర్ల ఎత్తులో, గది నడిమధ్యన ఉంది. పుటాకార అద్దం సంగతి బళ్లో చదివే ఉంటారు. కేంద్రం దగ్గర దీపం పెడితే వెలుగంతా తిరిగి కేంద్రానికే వస్తుంది. శబ్దమూ అంతే. మీరు నిలబడి చదివితే నోరు నేలకి 1.5 మీటర్ల ఎత్తులో, అంటే కేంద్రానికి 60 సెంటీమీటర్ల కింద. గుమ్మటం మీది నుంచి తిరిగొచ్చిన మీ గొంతు దాదాపు 2.55 మీటర్ల దగ్గర పోగవుతుంది. మీ తలకి మూరెడు, రెండు మూరల పైన! "తల మీద ఎవరో మాట్లాడుతున్నట్టు" అన్నారే, అది భ్రమ కాదు, అక్షరాలా నిజం. పైగా గుండ్రటి గోడ కూడా నాలుగు వైపుల నుంచీ మీ గొంతుని మధ్యకే పంపుతోంది.

పాంథియాన్‌లో ఇదే గోళం కేంద్రం నేలకి 21 మీటర్ల పైన ఉంటుంది. మనుషులెవరూ అక్కడ ఉండరు కాబట్టి ఇంత బాధ లేదు. గుమ్మటం చిన్నదై, గోడ పొట్టిదైతే కేంద్రం మన చెవుల దగ్గరికి దిగుతుంది. చిన్న గుమ్మటపు గదులన్నింటిలో నేను చూసే తప్పు ఇదొక్కటే. ఇల్లు కట్టేవాళ్లు కాగితం మీద అర్ధగోళం గీసేటప్పుడు ఆ కేంద్రం ఎక్కడ పడుతుందో ఒక చుక్క పెట్టి చూస్తే చాలు.

గుసగుసల విషయం వేరు. అది కేంద్రానికి రాదు, గోడని అంటుకుని పాకుతుంది. కర్ణాటకలోని విజయపుర గోల్ గుంబజ్ ఎక్కినవాళ్లకి తెలుసు. 1656లో పూర్తయిన ఆ కట్టడంలో గుమ్మటం మొదలయ్యే చోట లోపల చుట్టూ ఒక గ్యాలరీ ఉంటుంది. నేను అక్కడ గోడకి చెంప ఆనించి నిలబడితే, అవతల 38 మీటర్ల దూరంలో మా తమ్ముడు చేతి గడియారం చెవి దగ్గరున్నట్టు టిక్ టిక్ మని వినిపించింది. గోడ నుంచి ఒక్క అడుగు వెనక్కి వేశాను, పోయింది. మళ్లీ చెంప ఆనించాను, వచ్చింది. ఆ అడుగు దూరంలోనే మొత్తం విషయం ఉంది. లండన్ సెయింట్ పాల్స్ చర్చిలో ఇలాంటి గ్యాలరీని చూసి, శబ్దం వంపు గోడని పట్టుకుని పాకుతుందని లార్డ్ రేలీ అనే భౌతిక శాస్త్రవేత్త వివరించాడు. 1921లో మన సి.వి. రామన్ లండన్ వెళ్లినప్పుడు ఆ గ్యాలరీలోనే ప్రయోగాలు చేసి, గోడకి దగ్గరగా శబ్దం ఎక్కడ హెచ్చుతుందో ఎక్కడ తగ్గుతుందో పరిశీలించాడు. పాట్నాలో 1786లో ధాన్యం నిల్వకని కట్టిన గోల్‌ఘర్‌లోనూ, గోల్ గుంబజ్‌లోనూ ఆయన ఇదే పని చేశాడు. మీ పిల్లలు ఆడుకుంటున్నది ఆ ఆటే. దాన్ని మాత్రం చెడగొట్టకండి.

పరిష్కారం. జిప్సమ్ ఫాల్స్ సీలింగ్ పెట్టమని ఎవరో ఒకరు తప్పక చెబుతారు. నేను చెప్పను.

నేల మీద మందపాటి తివాచీ పరవండి, ముందు అది చేయండి. నేలా గుమ్మటం ఎదురెదురు అద్దాల్లాంటివి. మీరు మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు కొడితే టకటకటకమని వరసగా వస్తుంది కదా? తివాచీతో అది చాలా తగ్గుతుంది. గోడ పొడుగునా ఒకే వంపులో కాకుండా, పుస్తకాల అరలు విడివిడిగా, ముందుకీ వెనక్కీ పెట్టండి. పుస్తకాలు శబ్దాన్ని తాగుతాయి, అరల అంచులు చెదరగొడతాయి.

ఇవి చాలకపోతే పైన ఏదైనా వేలాడదీయాలి. లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ 1871లో తెరిచినప్పటి నుంచీ గుమ్మటం ప్రతిధ్వనితో బాధపడింది. దాదాపు వందేళ్ల తర్వాత, 1969లో, పైనుంచి పెద్ద పెద్ద ఫైబర్‌గ్లాస్ బిళ్లలు వేలాడదీసి దాన్ని అదుపులోకి తెచ్చారు. చూసేవాళ్లు పుట్టగొడుగులంటారు. మీకు అంత అక్కర్లేదు. నాలుగైదు గుండ్రటి ఫెల్ట్ బిళ్లలు, వేరు వేరు ఎత్తుల్లో, రంధ్రం నుంచి పడే వెలుగుకి అడ్డం రాకుండా. ఇంజనీరుగారు ఒప్పుకున్నాకే వేలాడదీయండి, బీటలున్న గుమ్మటానికి కొక్కేలు కొట్టకండి.

ఈలోగా డబ్బు ఖర్చు లేని పని ఒకటుంది. కథ చదివేటప్పుడు మధ్యలో నిలబడకండి. గోడకీ మధ్యకీ సగం దూరంలో కూర్చుని చదవండి. తేడా మీకే తెలుస్తుంది.

---

పుస్తకాల_గది

ఇంత వివరంగా రాసినందుకు ముగ్గురికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. రంధ్రం పని ఆపించేశాను.

గోడ మందం కొలిచాను, 23 సెంటీమీటర్లు. తమ్ముడూ, చెక్క సెంట్రింగ్ పెట్టే కట్టారు. తాపీ కర్రతో తట్టాను. నాలుగు బీటల దగ్గర గట్టి చప్పుడే. తూర్పు కిటికీ పైన మాత్రం జానెడు మేర డొల్లగా ఉంది. పిల్లల్ని వరండాలోకి మార్చాను. నిన్న పది చోట్ల జిప్సమ్ ముద్దలు పెట్టి తేదీ రాశాను. ఒక పిల్ల వచ్చి, గోడకి దెబ్బ తగిలిందా, కట్టు కట్టావా అని అడిగింది.

ఒక సందేహం. పొద్దున బీట సన్నగా, మధ్యాహ్నం కాస్త వెడల్పుగా కనిపిస్తోంది. ఇది నా కంటి భ్రమేనా? ఇంకొకటి, పట్టా బిగిస్తే బీటలు మూసుకుపోతాయా?

---

పాత_కట్టడాలు

భ్రమ కాదు. ఎండకి గుమ్మటం పైతోలు వేడెక్కి వ్యాకోచిస్తుంది, బీటల వెడల్పు మారుతుంది. ఫ్లోరెన్స్‌లో బ్రునెలెస్కి 1420 నుంచి 1436 దాకా కట్టిన పెద్ద గుమ్మటానికీ బీటలున్నాయి. అవి కాలాన్ని బట్టి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి, పరికరాలు పెట్టి ఏళ్ల తరబడి కొలుస్తున్నారు. అందుకే రోజూ ఒకే వేళకి చూడండి. పొద్దున్నే చూడటం మంచిది. పొద్దున చూసినప్పుడు కూడా వారం వారం పెరుగుతుంటేనే కంగారు పడాలి.

ఉన్న బీటని పట్టా మూయదు, ఇంకా విచ్చుకోకుండా పట్టుకుంటుంది. బిగించేటప్పుడు బీట మూసుకునేదాకా లాగాలని చూస్తారు కొందరు, అలా చేయనివ్వకండి. లోపల చేరిన ఇసుక, సున్నపు పొడి అడ్డంపడి ఇటుక అంచులు నలుగుతాయి. చేత్తో తడితే గట్టిగా మోగేంత బిగువు చాలు. పట్టా బిగించాక, రెండు మూడు నెలలు జిప్సమ్ ముద్దలు చీలకుండా ఉంటే, అప్పుడు బీటల్లో సున్నపు గచ్చు ఎక్కించండి. గట్టి సిమెంటు వద్దు.

23 సెంటీమీటర్ల గోడ అన్నారు కాబట్టి ఇంకో మాట. ఈ మందానికి తన్నుడు మోసే శక్తి పెద్దగా ఉండదు. పట్టా పని వాయిదా వేయొద్దు. కిటికీల దగ్గర పట్టా గోడకి ఆనుకుంటుందా, కిటికీ పైన లింటెల్ (అడ్డ దూలం) ఎలా ఉందో చూడాలి, ఫొటో పెట్టండి. తూర్పు కిటికీ పైన డొల్లగా ఉన్న ప్లాస్టరింగ్‌ని ముందే చెక్కేయించండి, లోపల ఇటుక జరిగిందో లేదో అప్పుడే కనిపిస్తుంది.

---

పుస్తకాల_గది

ఈ ఉదయం డొల్ల ప్లాస్టరింగ్ చెక్కించాను. లోపల ఇటుకలు జరగలేదు, రెండు ఇటుకల మధ్య గచ్చు మాత్రం విడింది. లింటెల్ ఫొటోలు తీశాను, ఈ రాత్రికి పెడతాను. పట్టా కొలతలకి ఒక ఇంజనీరు ఎల్లుండి వస్తానన్నారు.

ఖాళీ గదిలో గోడకీ మధ్యకీ సగం దూరంలో కూర్చుని ఒక పేజీ పైకి చదివి చూశాను. తల మీద గొంతు లేదు. పేజీ చివరిదాకా తప్పకుండా చదివాను.